మగవాళ్ల బట్టల బీరువాకు కొత్త ఊపిరి: ముందు కొలత, ఆఖరున కొనుగోలు

బీరువా నిండా బట్టలుంటాయి. పొద్దున తలుపు తీస్తే చేయి మాత్రం ఆ నాలుగు చొక్కాల మీదికే పోతుంది. మిగతావి ఎందుకు వేసుకోవడం లేదో తేల్చుకోకుండా కొత్తవి కొంటే, అవీ కొన్నాళ్లకు వెనక వరుసలోకే చేరతాయి. అందుకే మొదట కావాల్సినవి ఒక సెలవు పూట, ఒక కొలత టేపు, ఒక నిలువుటద్దం. డబ్బు సంగతి తర్వాత. ఒంటికి కుదరని ఖరీదైన చొక్కా కంటే చక్కగా కుదిరిన మామూలు చొక్కా ఎప్పుడూ మెరుగ్గా కనిపిస్తుంది. కాబట్టి ఉన్నవాటిని దిద్దుకోవడం ముందు, లోటు ఎక్కడుందో చూసి కొనుక్కోవడం తర్వాత.

అన్నీ బయటికి తీయండి

బీరువాలోని ప్రతి గుడ్డనీ మంచం మీదికి తీయండి. పై అరలో మడతపెట్టి మరచిపోయినవి, ఇస్త్రీకి ఇద్దామని పక్కన పెట్టినవి, బూట్లు, బెల్టులు కూడా. ఒక్కొక్కటీ వేసుకుని అద్దం ముందు నిలబడండి. తర్వాత రెండు చేతులూ ముందుకు చాపండి, కుర్చీలో కూర్చోండి, లేవండి. ఈ కదలికలు తప్పనిసరి. నిలబడినప్పుడు బాగున్న ప్యాంటు కూర్చోగానే తొడల దగ్గర పట్టేస్తుంది. చేతులు దించుకున్నంతసేపూ బాగున్న చొక్కా స్టీరింగ్ పట్టుకోగానే వీపు మీద బిగుసుకుంటుంది.

వేసుకున్నవాటిని నాలుగు కుప్పలు చేయండి. ఉన్నదున్నట్టు వేసుకోగలిగినవి ఒకటి, దర్జీ చేతిలో పడితే బాగుపడేవి రెండోది, ఇక వదిలేయాల్సినవి మూడోది, తేల్చుకోలేనివి నాలుగోది. నాలుగో కుప్పను ఒక అట్టపెట్టెలో పెట్టి పైన తేదీ రాయండి. మూడు నెలల్లో ఆ పెట్టె తెరవాల్సిన అవసరం రాకపోతే అందులోవి మీకు అక్కర్లేదన్నట్టే. సూట్లు, చలికోట్లు ఏడాదికి ఒకటి రెండుసార్లే బయటికొస్తాయి గనుక వాటికి ఏడాది గడువివ్వండి. వదిలేసే కుప్పలో కాలర్ అంచు చిరిగి పోగులు లేచినవి, చంకల దగ్గర గుడ్డ గట్టిపడినవి, ప్యాంటు తొడల మధ్య పలచబడినవి ఉంటే వాటిని ఎవరికీ ఇవ్వకండి, తుడుపు గుడ్డలకు వాడుకోండి. ఇంకా గట్టిగా ఉండి మీకు కుదరనివి మాత్రమే ఇతరులకు పనికొస్తాయి.

ఇదే సమయంలో ఒక కాగితం మీద, పక్కన పెట్టిన ప్రతిదాని ఎదురుగా కారణం రాయండి. ‘పొట్ట దగ్గర బొత్తాలు విచ్చుకుంటున్నాయి’, ‘జతగా వేసుకునే ప్యాంటు లేదు’, ‘ఇస్త్రీ పది నిమిషాలు నిలవదు’, ‘రంగు ముఖానికి నప్పలేదు’. ఒకే కారణం మూడుసార్లు వచ్చిందంటే మీరు కొనేటప్పుడు పదే పదే చేస్తున్న పొరపాటు అదే. ఈ కాగితం దాచుకోండి, దుకాణానికి వెళ్లేటప్పుడు ఇదే మీ చేతిలో ఉండాలి.

ఉంచుకున్న బట్టల్లో ఏవి నిజంగా వాడుతున్నారో తెలియాలంటే ఒక తేలిక పద్ధతి ఉంది. హ్యాంగర్లన్నిటి కొక్కేలనూ ఒకే దిక్కుకు, మామూలుగా తగిలించేదానికి ఎదురుగా తిప్పి ఉంచండి. ఏదైనా వేసుకుని ఉతికి తిరిగి పెట్టినప్పుడు మామూలు దిక్కుకు తగిలించండి. మూడు నెలల తర్వాత తిరగకుండా మిగిలినవే మీరు ముట్టనివి.

చొక్కా కుదిరిందో లేదో ఎక్కడ చూడాలి

మొదట భుజం. భుజం మీది కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచున, చేయి కిందికి వాలడం మొదలయ్యే చోట ఉండాలి. కుట్టు చేతి మీదికి జారితే చొక్కా మీకంటే పెద్దది. మెడ వైపు ఎక్కి ఉంటే చిన్నది. మిగతా కొలతలు ఎంత బాగున్నా భుజం తప్పితే చొక్కా వదిలేయడమే మేలు. అక్కడ దిద్దాలంటే చేతులు, కాలర్ రెండూ విప్పి మళ్లీ కుట్టాలి.

పై బొత్తం పెట్టాక కాలర్‌కీ మెడకీ మధ్య రెండు వేళ్లు పట్టాలి. ఒక్క వేలే పడితే సాయంత్రానికి మెడ కందిపోతుంది, మూడు పడితే టై కట్టగానే కాలర్ ముడతలు పడుతుంది. ఛాతీ దగ్గర ఒంటి కొలత కంటే చొక్కా చుట్టుకొలత 8 నుంచి 10 సెంటీమీటర్లు ఎక్కువుంటే ఒంటికి దగ్గరగా ఉంటుంది. 12 నుంచి 15 ఎక్కువుంటే వదులుగా, గాలి ఆడేలా ఉంటుంది. అంతకు మించితే నడుము దగ్గర గుడ్డ గుట్టలు పడుతుంది. బొత్తాల మధ్య గుడ్డ విచ్చుకుని లోపలి బనీను కనిపిస్తే, లేదా బొత్తం చుట్టూ అడ్డ గీతలు సాగితే, ఛాతీ గానీ పొట్ట గానీ చాలలేదని అర్థం. బొత్తం జరిపి కుట్టడం దీనికి మందు కాదు. ముందు పట్టీ వంకర పోతుంది.

పొడుగు చేతులు మణికట్టు ఎముక దాటి బొటనవేలి మొదలు వరకు రావాలి. కఫ్ బొత్తం పెట్టినప్పుడు చేయి ముందుకు చాచినా కఫ్ వెనక్కి పెద్దగా పోకూడదు. పొట్టి చేతులు మోచేతికీ భుజానికీ మధ్య ఆగాలి. మోచేయి తాకే పొట్టి చేతులు ఎవరికైనా చేతులను సన్నగా చూపిస్తాయి. చంక కోత కిందికి ఉన్న చొక్కాలో చేయెత్తగానే మొత్తం చొక్కా పైకి లేచి టక్ ఊడిపోతుంది. ఇది చాలామంది గమనించని లోపం. వేసుకుని చూసేటప్పుడు ఒక్కసారి చేయెత్తితే తెలిసిపోతుంది.

టక్ చేయకుండా వేసుకునే చొక్కా, టీషర్టు జిప్పు సగం వరకు రావాలి. వెనక ప్యాంటు జేబులో సగం కప్పాలి. అంతకంటే పొడవైతే కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి, అంతకంటే పొట్టైతే వంగినప్పుడు నడుము బయటపడుతుంది. కింద అర్ధచంద్రంలా లోతుగా కోసిన చొక్కాలు టక్ చేసుకోవడానికి కుట్టినవి. వాటిని బయటికి వదలకండి, లేదా కింది అంచు తిన్నగా కోయించుకోండి.

ఆన్‌లైన్లో కొనేవాళ్లకు ఎస్, ఎమ్, ఎల్ అక్షరాలు పెద్దగా పనికిరావు. ఒక కంపెనీ ఎమ్ మరో కంపెనీ ఎల్ అవుతుంది. మీకు బాగా కుదిరిన చొక్కాను బొత్తాలన్నీ పెట్టి బల్ల మీద పరిచి, ముడతలు తీసి, ఒక చంక కుట్టు నుంచి మరో చంక కుట్టు వరకు కొలవండి. 54 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. చుట్టుకొలత 108. అలాగే భుజం నుంచి భుజానికి, చేతి పొడవు, కాలర్ కింద నుంచి కింది అంచు వరకు వెనక పొడవు రాసుకోండి. కంపెనీ ఇచ్చిన పట్టికలో ‘దుస్తుల కొలత’ చూస్తున్నారా, ‘ఒంటి కొలత’ చూస్తున్నారా అన్నది ముఖ్యం. రెండింటికీ సుమారు 10 సెంటీమీటర్ల తేడా ఉంటుంది. తప్పు సైజులు ఎక్కువగా వచ్చేది ఇక్కడే.

ప్యాంటు

ప్యాంటు విషయంలో అందరూ నడుము కొలత చూస్తారు. అసలు తేడా చేసేది గజ్జల దగ్గరి కుట్టు నుంచి నడుము పట్టీ వరకు ఉండే ఎత్తు. ఆ ఎత్తు తక్కువైతే కూర్చున్నప్పుడల్లా వెనక జారుతుంది, చొక్కా బయటికొస్తుంది, పొట్ట ఉన్నవాళ్లకు పొట్ట పట్టీ మీంచి వేలాడుతుంది. పొట్ట ఉన్నవాళ్లు ప్యాంటును పొట్ట కిందికి కట్టుకుంటే సన్నగా కనిపిస్తామనుకుంటారు. జరిగేది అందుకు వ్యతిరేకం. బొడ్డుకు రెండు మూడు వేళ్ల కింద ఆగే ప్యాంటు, ముందు ఒక కుచ్చు ఉంటే ఇంకా మంచిది, పొట్ట మీద తిన్నగా కిందికి జారి ముందు భాగాన్ని నిటారుగా చూపిస్తుంది.

ముడతలు చదవడం నేర్చుకోండి. గజ్జల నుంచి తొడల మీదికి అడ్డంగా గీతలు సాగితే తొడ బిగుతు. పిరుదుల కింద గుడ్డ నిలువుగా మడతలు పడితే సీటు వదులు. పక్క జేబులు చెవుల్లా విచ్చుకుంటే సీటు చాలలేదు. వెనక పిక్కల మీద గుడ్డ పట్టుకుని కిందికి జారకపోతే మోకాలి నుంచి కింది భాగం మరీ సన్నం. ప్యాంటును పరిచినప్పుడు కింది అంచు వెడల్పు 7 నుంచి 8 అంగుళాలు ఉంటే ఎక్కువమందికి బాగుంటుంది. పెద్ద పాదాలున్నవాళ్లు 6 అంగుళాల అంచు వేసుకుంటే పాదాలు ఇంకా పెద్దగా కనిపిస్తాయి.

పొడవు బూట్లు వేసుకుని చూసుకోవాలి. ముందు వైపు అంచు బూటును తాకీ తాకనట్టు ఆగితే శుభ్రంగా ఉంటుంది. ఒక చిన్న మడత పడితే అది ఫార్మల్ ప్యాంటుకు బాగుంటుంది. రెండు మడతలు పడితే అది పొడవు ఎక్కువైన ప్యాంటు, ఇంకేమీ కాదు. పొట్టిగా ఉన్నవాళ్లకు మడత లేని పొడవు, ప్యాంటు రంగుకు దగ్గరి రంగు బూట్లు కాళ్లను పొడవుగా చూపిస్తాయి.

దర్జీ చేయగలిగింది, చేయలేనిది

రెండో కుప్ప దర్జీ దగ్గరికి వెళ్లేముందు ఏది దిద్దవచ్చో తెలిసుండాలి. చొక్కా పక్క కుట్లు కలిపి 5 నుంచి 7 సెంటీమీటర్ల వరకు తగ్గించవచ్చు. అంతకంటే ఎక్కువ లాగితే ఛాతీ జేబు చంకలోకి పోతుంది. వీపు దగ్గర గుడ్డ ఎక్కువుంటే రెండు నిలువు డార్టులు (గుడ్డను లోపలికి మడిచి వేసే కుట్లు) వేయమనండి. తేలిక పని, ఫలితం బాగా కనిపిస్తుంది. చేతి పొడవు కఫ్ విప్పి తగ్గించవచ్చు. ప్యాంటు నడుము 2 అంగుళాల వరకు తగ్గుతుంది. దాటితే వెనక జేబులు రెండూ ఒకదానికొకటి అతుక్కుంటాయి. పెంచాలంటే లోపల కుట్టు దగ్గర ఎంత గుడ్డ వదిలారో చూడండి, ఉన్నంతే వస్తుంది. ఫార్మల్ ప్యాంటుకు సాధారణంగా ఒక అంగుళం, ఒకటిన్నర దాకా దొరుకుతుంది. జీన్స్‌కు దాదాపు దొరకదు, అక్కడ గుడ్డ అంచులను ఒకదానిలో ఒకటి మడిచి కుట్టేస్తారు. పొడవు పెంచినప్పుడు పాత మడత గీత తెల్లగా మిగలవచ్చు, ముదురు రంగుల్లో మరీ.

చేయించకూడనివి కూడా ఉన్నాయి: కోటు భుజాలు, కోటు పొడవు, ఎత్తు తక్కువ ఉన్న ప్యాంటును పైకి లేపడం. కోటు పొడవు తగ్గిస్తే జేబులు కింది అంచుకు దగ్గరై మొత్తం అందం పోతుంది.

ఒక హెచ్చరిక. కాటన్ బట్టలను కనీసం ఒకసారి, జీన్స్‌ను రెండుసార్లు ఉతికి ఆరేశాకే దర్జీకి ఇవ్వండి. ముందుగా కుదించని కాటన్ మొదటి ఉతుకులో 3 నుంచి 5 శాతం వరకు కుదించుకుపోవచ్చు. 75 సెంటీమీటర్ల లోపలి కాలి పొడవు మీద 4 శాతమంటే 3 సెంటీమీటర్లు. దుకాణంలో సరిచేయించిన పొడవు మొదటి ఉతుకుకే చీలమండ పైకి ఎక్కేది ఇందుకే. ‘సాన్ఫరైజ్డ్’ అని రాసి ఉన్న డెనిమ్ (జీన్స్ గుడ్డ) ముందే కుదించింది, ఆ తర్వాత పెద్దగా మారదు.

ఎన్ని కావాలో వారం చెబుతుంది

ఇంటర్నెట్లో కనిపించే ‘ప్రతి మగాడికి ఉండాల్సిన ముప్పై వస్తువులు’ లాంటి జాబితాలు పక్కన పెట్టండి. మీ నెల ఎలా గడుస్తుందో లెక్కేయండి. ఉద్యోగానికి ఎన్ని రోజులు, ఇంట్లోంచి పని ఎన్ని రోజులు, వ్యాయామం, స్నేహితులతో బయటికి, శుభకార్యాలు. 30 రోజుల్లో 20 రోజులు ఆఫీసు అయితే బీరువాలో మూడింట రెండు వంతులు ఆఫీసుకు పనికొచ్చేవే ఉండాలి. చాలా బీరువాల్లో ఇది తలకిందులై ఉంటుంది. నెలకు రెండు పార్టీలకు వెళ్లే మనిషికి పది పార్టీ చొక్కాలు, ఆఫీసుకు మాత్రం వెలిసిపోయిన మూడు.

వారానికి ఒకసారి ఉతికేవాళ్లు ఆఫీసు రోజులకు రెండు కలిపి అన్ని చొక్కాలు ఉంచుకుంటే చాలు. ఐదు రోజులకు ఏడు. ప్యాంట్లను వరుసగా రెండు మూడు రోజులు వేసుకోవచ్చు గనుక నాలుగు సరిపోతాయి. టీషర్టులు ఆరు, జీన్స్ రెండు, బూట్లు మూడు జతలు, ఒక కోటు. లోదుస్తులు, సాక్సులు పది పది జతలు. సాక్సులు ముదురు రంగులో అన్నీ ఒకే రకానివి కొంటే ఒకటి పోయినా జత చెడదు. వేడి, చెమట ఎక్కువుంటే చొక్కాల లెక్క పెంచుకోండి, చలి ఎక్కువుంటే స్వెటర్లు రెండు మూడు చేర్చండి.

రంగులు

కింది భాగానికి నాలుగు రంగులు చాలు: ముదురు నీలం, బూడిద, ఖాకీ, ముదురు ఆలివ్. పైభాగానికి తెలుపు, లేత నీలం పునాది. ఈ రెండూ ఆ నాలుగింటితోనూ కుదురుతాయి. ఆ పైన మీకు నచ్చిన రంగులు రెండు తీసుకోండి: మెరూన్, ముదురు ఆకుపచ్చ, లేత గులాబీ, ఏదైనా. కొత్త చొక్కా చేతిలోకి తీసుకున్నప్పుడు మీ దగ్గరున్న ప్యాంట్లలో కనీసం మూడింటితో వేసుకోగలరా అని చూడండి. ఒక్కదానితోనే కుదిరేదైతే దాని కోసం మళ్లీ ఇంకోటి కొనాల్సి వస్తుంది.

నలుపు చొక్కా, నలుపు ప్యాంటు అన్నిటికీ నప్పుతాయనే నమ్మకం పక్కా కాదు. నలుపు మీద దుమ్ము, నూలు పోగులు, చెమట ఉప్పు చారలు ముందుగా కనిపిస్తాయి. నాలుగు ఉతుకులకే బూడిదలోకి దిగుతుంది. రోజువారీకి ముదురు నీలం దానికంటే ఎక్కువ కాలం కొత్తగా ఉంటుంది.

రంగు ముఖానికి నప్పిందో లేదో దుకాణం దీపాల కింద తేల్చకండి. కిటికీ దగ్గరకో గుమ్మం బయటికో తీసుకెళ్లి గడ్డం కింద పట్టుకుని చూడండి. ముఖం వాడినట్టు, కళ్ల కింద నీడలు పెరిగినట్టు కనిపిస్తే ఆ రంగు ప్యాంటుకు పనికొస్తుందేమో గానీ కాలర్‌కు పనికిరాదు. దీపాల కింద ముదురు నీలం, నలుపు ఒకటిగానే కనిపిస్తాయి. కోటు, ప్యాంటు విడివిడిగా కొని జత చేద్దామనుకునేవాళ్లు ఇందులోనే దెబ్బ తింటారు.

చారల గురించి ఒక మాట. అడ్డ చారలు లావుగా చూపిస్తాయని అందరూ అనేస్తారు. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫాన్ హెల్మ్‌హోల్ట్జ్ దీనికి విరుద్ధమైన సంగతి గమనించాడు: ఒకే కొలత ఉన్న రెండు చతురస్రాల్లో అడ్డ గీతలున్నది పొడవుగా, సన్నగా కనిపిస్తుంది. మనిషి ఒంటి మీద అది ఎంతవరకు పనిచేస్తుందన్నది గుడ్డ కోతను బట్టి మారుతుంది. అంచేత చారల దిక్కు కంటే చారల వెడల్పు చూసుకోండి. రెండు వేళ్ల వెడల్పు చారలు, పెద్ద గళ్లు ఎవరి మీదైనా మనిషి కంటే ముందు కనిపిస్తాయి. రెండు డిజైన్లు కలిపి వేసుకోవాలంటే ఒకటి చిన్నది, ఒకటి పెద్దది కావాలి. సన్న చారల చొక్కా మీద సన్న చారల టై కళ్లకు మిరుమిట్లు గొలుపుతుంది.

గుడ్డను చేత్తో పరీక్షించడం

ట్యాగు మీద గుడ్డ బరువు గ్రాముల్లో రాసి ఉంటే ఎంతో మేలు. చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్నది ‘జీఎస్ఎం’. చొక్కా గుడ్డ 100 నుంచి 140, టీషర్టు 160 నుంచి 200, చినోస్ (మందపు కాటన్) ప్యాంటు 240 నుంచి 300 మధ్య ఉంటే నిలబడుతుంది. 140 కంటే పలచటి తెల్ల టీషర్టులోంచి ఒళ్లు కనిపిస్తుంది. డెనిమ్‌ను చదరపు గజానికి ఎన్ని ఔన్సులో చెబుతారు. 12 ఔన్సులంటే సుమారు 400 జీఎస్ఎం, రోజూ వేసుకునే జీన్స్‌కు అది సరిపడా మందం. లినెన్ ముడతలు పడటం దాని గుణం. ముడతలు భరించలేనివాళ్లు కొనకండి, ఇష్టమున్నవాళ్లు దాన్ని కరకరలాడేలా ఇస్త్రీ చేసి చంపకండి.

గుడ్డ మూల పట్టుకుని పిడికిట్లో ఐదు సెకన్లు నొక్కి వదలండి. ముడతలు అలాగే మిగిలితే మీ ఒంటి మీదా అంతే. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే అల్లిక ఎక్కడ పలచబడిందో తెలుస్తుంది. సాగే గుడ్డ అయితే లాగి వదిలి, వెంటనే వెనక్కి వచ్చిందా చూడండి. ఎలాస్టేన్ (గుడ్డకు సాగే గుణమిచ్చే పోగు) 1 నుంచి 2 శాతం ఉంటే కూర్చోవడానికి హాయి. 4 శాతం దాటిన జీన్స్ కొన్ని నెలలకు మోకాళ్ల దగ్గర సంచుల్లా ఉబ్బే అవకాశం ఎక్కువ. నూరు శాతం పాలిస్టర్ చొక్కా చెమటలోని నూనెను పట్టుకుని వదలదు, ఉతికినా వాసన మళ్లీ లేస్తుంది. ఆఫీసు చొక్కాకు కాటన్ గానీ, కాటన్ ఎక్కువగా ఉన్న మిశ్రమం గానీ తీసుకోండి.

టీషర్టు పక్క కుట్లు పై నుంచి కిందికి తిన్నగా ఉన్నాయా అని తప్పక చూడండి. కొత్తలోనే కొద్దిగా ముందుకు తిరిగి ఉంటే ఉతికేకొద్దీ ఇంకా మెలితిరిగి కుట్టు పొట్ట మీదికి వస్తుంది. గళ్ల చొక్కా అయితే జేబు మీది గళ్లు, వెనకున్న గుడ్డ గళ్లతో కలవాలి. కలిపి కుట్టాలంటే గుడ్డ ఎక్కువ పడుతుంది. అక్కడ పొదుపు చేసినవాళ్లు మిగతా చోట్లా చేసే ఉంటారు.

బూట్లు, బెల్టు

పాత బట్టల మీద కొత్త బూట్లు వేసుకున్నా మనిషి చక్కగా కనిపిస్తాడు, కొత్త బట్టల మీద అరిగిన బూట్లు అంతా చెడగొడతాయి. అందుకే కొనాల్సిన వాటిలో మొదటి వరుస బూట్లది. మూడు జతలతో నెల గడుస్తుంది: ముదురు గోధుమ రంగు తోలు డెర్బీ (లేసులున్నది) గానీ లోఫర్ (లేసుల్లేనిది) గానీ, పెద్దగా లోగోలు లేని తెల్ల స్నీకర్లు, నల్ల ఫార్మల్ బూట్లు. మూడోది సూటు వేసుకోనివాళ్లు మానేయవచ్చు.

సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. ఎక్కువమందికి రెండు పాదాలు ఒకే కొలతలో ఉండవు, పెద్దదానికి సరిపడేది తీసుకోండి. మీరు వేసుకునే సాక్సులతోనే నిలబడి చూస్తే పొడవైన వేలికి, బూటు మొనకు మధ్య సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. పాదం వంగే చోటే బూటు కూడా వంగాలి. ‘వాడితే సాగుతుంది’ అని అమ్మేవాళ్లు చెప్పేది వెడల్పుకు కొంత నిజం, పొడవుకు ఎంతమాత్రం కాదు.

తోలు బూట్లు రోజు విడిచి రోజు వేసుకోండి. లోపల పీల్చుకున్న చెమట ఆరడానికి ఒక రోజైనా పడుతుంది, ఆరకముందే మళ్లీ వేసుకుంటే లోపలి తోలు పగులుతుంది. తీసిన వెంటనే దేవదారు చెక్కతో చేసిన షూ ట్రీలు (బూటు ఆకారాన్ని నిలిపే అచ్చులు) పెడితే తేమ లాగుతాయి, ముందు భాగం ముడతలు పడదు. వానలో తడిస్తే పాత కాగితాలు కుక్కి ఫ్యాను గాలికి పెట్టండి. ఎండలోనో హీటర్ దగ్గరో పెడితే తోలు గట్టిపడి పగుళ్లొస్తాయి. నెలకోసారి దుమ్ము తుడిచి, ముందు కండిషనర్ క్రీమ్, పది నిమిషాల తర్వాత పాలిష్. పాలిష్ ఒక్కటే పూస్తూ పోతే పైన మెరుస్తుంది, లోపల ఎండిపోతుంది. అడుగును అతికించిన బూటుకు అడుగు మార్చడం కష్టం. అంచు వెంబడి కుట్టిన వెల్ట్ బూటుకు అడుగు మార్పించుకుంటూ ఏళ్ల తరబడి వాడవచ్చు.

బెల్టు సైజు ప్యాంటు నడుము కంటే 2 అంగుళాలు ఎక్కువ తీసుకోండి. ఐదు రంధ్రాల్లో నడిమిదానికి పడితే అది మీ కొలత. ఫార్మల్‌కు 3 నుంచి 3.5 సెంటీమీటర్ల వెడల్పు, జీన్స్‌కు 4. రంగు బూట్లకు దగ్గరగా ఉంటే చాలు, అచ్చంగా కలవనక్కర్లేదు. తెల్ల చొక్కా లోపల తెల్ల బనీను గీత స్పష్టంగా కనిపిస్తుంది. లేత బూడిద గానీ ఒంటి రంగుకు దగ్గరిది గానీ కనిపించదు.

కోటు కొనాలనుకుంటే

ఒక్కటే కొనేవాళ్లకు ముదురు నీలం, రెండు బొత్తాలది, భుజాల్లో మందపు ప్యాడింగ్ లేనిది. జీన్స్ మీదా, బూడిద ప్యాంటు మీదా పోతుంది. పై బొత్తం పెట్టినప్పుడు నడుము దగ్గర ఇంటూ గుర్తులా ముడతలు లాగితే బిగుతు. మెడ వెనక చొక్కా కాలర్‌కీ కోటు కాలర్‌కీ మధ్య ఖాళీ కనిపిస్తే అది మీ భుజాలకు కుదరని కోటు, వెనక్కి ఇచ్చేయండి. పొడవు పిరుదులను కప్పాలి, చొక్కా కఫ్ కోటు చేతి కింద ఒక సెంటీమీటరు కనిపించాలి. కింది బొత్తం పెట్టరు, కోత అలాగే ఉంటుంది. కొత్త కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ ఆకారంలో వేసిన తెల్ల దారం, చేతి మీది కంపెనీ ట్యాగు కొన్నాక కత్తిరించేయాలి. అవి అమ్మకం దాకా ఉండేవి మాత్రమే.

ఉతుకు, ఇస్త్రీ, నిల్వ

బట్టలు పాడయ్యేది వేసుకోవడం వల్ల కంటే ఉతకడం వల్లే ఎక్కువ. లోపలి వైపు బయటికి తిప్పి, జిప్పులు మూసి, చొక్కా బొత్తాలు విప్పి, 30 డిగ్రీల నీటిలో వేయండి. మెషిన్ డ్రమ్ము నిండా కుక్కకండి, పైన ఒక పిడికిలి పట్టేంత ఖాళీ ఉండాలి. సబ్బు పొడి ఎక్కువైతే గుడ్డలో మిగిలిపోయి ముదురు రంగులు తెల్లబారతాయి. ఆరేసేది నీడలో, చొక్కాను హ్యాంగర్‌కు, స్వెటర్‌ను పరిచి. స్వెటర్‌ను తాడు మీద వేలాడదీస్తే నీటి బరువుకే సాగిపోతుంది.

తెల్ల చొక్కా చంకల దగ్గర పసుపుపచ్చ మరక చెమట, డియోడరెంట్‌లోని అల్యూమినియం లవణాలు కలిసి చేసేది. దానికి క్లోరిన్ బ్లీచ్ వేయడం అందరూ చేసే తప్పు. చెమటలోని ప్రోటీన్లతో కలిసి మరకను ఇంకా పచ్చగా చేస్తుంది. సోడియం పెర్‌కార్బనేట్ ఉన్న ఆక్సిజన్ బ్లీచ్ పొడిని, ప్యాకెట్ మీద చెప్పినంత, 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో కలిపి రెండు మూడు గంటలు నానబెట్టి ఉతకండి. ఉన్ని, పట్టు బట్టలకు దీన్ని వాడకండి. మరక పోకముందు ఇస్త్రీ చేస్తే వేడికి అది గుడ్డలో నిలిచిపోతుంది.

ఇస్త్రీపెట్టె గుర్తులో ఒక చుక్క ఉంటే 110 డిగ్రీలు, రెండుంటే 150, మూడుంటే 200. నైలాన్‌కు ఒకటి, ఉన్నికి, పాలిస్టర్‌కు రెండు, కాటన్‌కు, లినెన్‌కు మూడు. చొక్కా కొద్దిగా తడిగా ఉండగానే మొదలుపెట్టండి. మొదట కాలర్, వెనక వైపు నుంచి, రెండు మొనల నుంచి మధ్యకు. తర్వాత భుజాల పట్టీ, కఫ్‌లు, చేతులు, ఆఖరున ముందు, వెనక భాగాలు. కాలర్ మధ్య నుంచి బయటికి తోస్తే మొనల దగ్గర గుడ్డ పోగుపడి ముడత తేలుతుంది. ముదురు రంగు ప్యాంటు మీద పలచటి గుడ్డ వేసి చేయకపోతే నిగనిగలాడే మచ్చలు పడతాయి, అవి పోవు.

హ్యాంగర్ వెడల్పు మీ భుజాలంత ఉండాలి, పెద్దవాళ్లకు 42 నుంచి 46 సెంటీమీటర్లు. సన్న తీగ హ్యాంగర్లు భుజాల దగ్గర బొడిపెలు మిగులుస్తాయి. టీషర్టులు, స్వెటర్లు మడిచి పెట్టండి. హ్యాంగర్ల మధ్య చేయి దూరేంత చోటు లేకపోతే ఇస్త్రీ చేసి పెట్టినవన్నీ మళ్లీ నలుగుతాయి. ఉన్ని బట్టలను ఉతక్కుండా ఎత్తిపెట్టకండి, చెమట, ఆహారపు మరకలున్న చోటే పురుగు కొరుకుతుంది.

ముఖం, జుట్టు

బట్టలు ఎంత కుదిరినా మెడ వెనక జుట్టు పెరిగి కాలర్ మీద పడితే ఆ శ్రమ కనిపించదు. పొట్టి జుట్టయితే నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తిరించుకోవాలి. గడ్డం ఉంచుకునేవాళ్లు మెడ మీది గీతను కంఠమణికి ఒకటి రెండు వేళ్ల పైన ఆపండి. దవడ ఎముక మీదే గీత పెడితే నవ్వినప్పుడు గడ్డం కింద బోడి చర్మం కనిపిస్తుంది. కళ్లద్దాల ఫ్రేము ముఖం వెడల్పుకు సమానంగా ఉండాలి. సెంటు చర్మం మీద రెండు మూడు స్ప్రేలు చాలు, లేత రంగు చొక్కా మీద కొడితే మచ్చ పడవచ్చు.

ఏ వరుసలో చేయాలి

మొదటి వారం బీరువా ఖాళీ చేయడం, కాగితం రాయడం. రెండో వారం దర్జీ పని, పాత బూట్లకు పాలిష్, ఊడిన బొత్తాలు. ఒక్కోసారి ఇంతటితోనే సగం సమస్య తీరుతుంది. ఆ తర్వాత రెండు వారాలు ఏమీ కొనకుండా ఉన్నవాటినే కలిపి వేసుకోండి. ప్రతి పొద్దునా అద్దం ముందు ఒక ఫోటో తీసి ఉంచండి. అద్దంలో కనిపించని వంకరలు ఫోటోలో కనిపిస్తాయి. రెండో నెలలో బూట్లు, ప్యాంట్లు. మూడో నెలలో చొక్కాలు, ఒకేసారి ఏడు కాకుండా ముందు రెండు. ఆ రెండింటినీ మూడుసార్లు ఉతికాక కొలతలు నిలిస్తే అదే కంపెనీ, అదే సైజులో మిగతావి తీసుకోండి. కోటు అన్నిటికంటే చివర, అప్పటికి మీ ప్యాంట్ల రంగులు తేలి ఉంటాయి గనుక.

బరువు తగ్గాలనుకుంటున్నవాళ్లు ఈలోగా ఒకటి రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు ఇప్పటి కొలతకే కొనుక్కోండి. తగ్గాక వేసుకుందామని ఒక సైజు చిన్నవి కొని పెడితే అవి బీరువాలో పాతబడిపోతాయి. ఇప్పటి సైజువి తగ్గాక దర్జీ లోపలికి పట్టేస్తాడు. ఛాతీ, నడుము, మెడ కొలతలు ఆరు నెలలకోసారి మళ్లీ తీసి, బీరువా తలుపు లోపల అంటించిన కాగితం మీద తేదీతో సహా మార్చుకోండి.